కబురు ఎవరికి?

పాత లినక్స్‌లో థ్రెడ్ల కాపురం చూసినవాళ్లకి ఉమ్మడి కుటుంబాల తగాదాలు ఓ లెక్క కాదు. 1996లో జేవియర్ లెరోయ్ రాసిన లినక్స్‌థ్రెడ్స్ లైబ్రరీ రోజుల్లో ఒక ప్రోగ్రామ్‌లోని థ్రెడ్లన్నీ ఒకే మెమరీలో వండుకు తినేవి. కెర్నల్ దగ్గర మాత్రం ఎవరి రేషన్ కార్డు వాళ్లది, అంటే ఒక్కో థ్రెడ్‌కీ ఒక్కో ప్రాసెస్ నంబరు. పీఎస్ కమాండ్ కొడితే ఒకే ఒక్క జావా ప్రోగ్రామ్ స్క్రీన్ నిండా దిగేది, ప్రతి లైన్లోనూ అదే మెమరీ అంకెతో. వాటన్నిటినీ కూడేసి, మెషీన్లో లేని ర్యామ్ కూడా వాడేస్తున్నామని గగ్గోలు పెట్టిన మేనేజర్లున్నారు. కూడికలో తప్పేమీ లేదు పాపం.

సిగ్నల్ వచ్చినప్పుడు చూడాలి తమాషా. ఒక నంబరుకి పంపితే ఆ ఒక్క థ్రెడ్డే వినాలి. అది ఆ సిగ్నల్‌ని బ్లాక్ చేసుకుని కూర్చుందా, పక్కన గోళ్లు గిల్లుకుంటున్న తమ్ముళ్లెవరూ పలకరు. కబురు మనకి కాదుగా! అదే కంట్రోల్-సి నొక్కితే గ్రూపు మొత్తానికీ వెళ్లేది కాబట్టి ప్రతి థ్రెడ్డూ హ్యాండ్లర్ నడిపేది. ఒక్కసారి 'సెలవు' అని ప్రింట్ చేసి ఆగాల్సిన ప్రోగ్రామ్‌లో ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడి వంతులవారీగా సెలవు తీసుకునేవారు. పైగా మన వాడకానికని వదిలిన సిగ్‌యూజర్1, సిగ్‌యూజర్2లని పాత కెర్నళ్ల మీద లైబ్రరీయే సొంతానికి లాగేసుకునేది.

లెరోయ్‌ని అనడానికి లేదు. కెర్నల్ ఇచ్చిన దాంతోనే ఆయన నెట్టుకొచ్చారు, రోగం ఉన్నది కెర్నల్‌లో.

2002లో ఉల్రిక్ డ్రెప్పర్, ఇంగో మోల్నార్ ఎన్‌పీటీఎల్ అనే కొత్త థ్రెడ్ల లైబ్రరీకి పూనుకున్నారు. 2003 డిసెంబరులో 2.6 కెర్నల్ వచ్చేసరికి ఇంటికంతటికీ ఒకే కార్డు. మొత్తం ప్రాసెస్‌కి వచ్చే సిగ్నళ్లకి ఉమ్మడి క్యూ, ఒక్కో థ్రెడ్‌కీ సొంత క్యూ. ఉమ్మడి కబురొస్తే కెర్నల్ ముందు మెయిన్ థ్రెడ్ తలుపు తడుతుంది. అది వినకపోతే వినేవాడు దొరికేదాకా మిగతావాళ్ల చుట్టూ తిరుగుతుంది. కూడని మెమరీలో చెయ్యి పెట్టిన థ్రెడ్‌కి సెగ్‌ఫాల్ట్ నేరుగా అందుతుంది, హ్యాండ్లర్ లేకపోతే చచ్చేది మాత్రం ఇల్లంతా. ఈ నిబంధన నాకు భలే నచ్చుతుంది.

ఇంత చేసినా చిక్కు మిగిలింది. ఏ సిగ్నళ్లు బ్లాక్ చేయాలో చెప్పే మాస్కు ఏ థ్రెడ్‌కి ఆ థ్రెడ్‌దే, హ్యాండ్లర్ అందరికీ ఒకటే. మాలక్ మధ్యలో లాక్ పట్టుకున్న థ్రెడ్ మీద సిగ్నల్ పడి, హ్యాండ్లర్ మళ్లీ మాలక్‌ని పిలిస్తే, తను పట్టుకున్న లాక్ కోసం తనే కాసుక్కూర్చుంటుంది. అందుకని మెయిన్‌లో మొదటే సిగ్నళ్లన్నీ బ్లాక్ చేస్తాను. తర్వాత పుట్టే థ్రెడ్లకి ఆ చెవుడు వారసత్వంగా వస్తుంది. ఒక్కదాన్ని సిగ్‌వెయిట్‌లో కూర్చోబెడితే కబుర్లన్నీ అదే చూసుకుంటుంది.

మెయిన్ కంటే ముందే నిద్రలేచి, చెప్పాపెట్టకుండా థ్రెడ్ పుట్టించే లైబ్రరీలు కొన్నున్నాయి. అలా పుట్టిన థ్రెడ్‌కి చెవుడు ఉండదు. సిగ్‌టర్మ్ దాని చెవినే పడుతుంది, అందరూ పోతారు. అలాంటి లైబ్రరీ కోసం మా కోడ్‌లో ఓ వికారమైన ఏర్పాటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు అది చూసి "అన్నా, ఇది ఎందుకు, తీసేద్దామా?" అంటారు. తీసి చూడమంటాను. నేను సెలవులో ఉన్నప్పుడు మాత్రం వద్దంటాను.