వెనక బెంచీలో ఎవరున్నారు?

ఇరవై వారాల ఇంటర్న్‌షిప్ అని గొప్పగా చెప్పుకుంటున్నారు కదా, బి.ఎడ్. చదువుతున్న అబ్బాయిలూ అమ్మాయిలూ, ఈ ముసలి మేష్టారు ఒక్క మాట అడుగుతాడు, చెప్పండి. ఆ ఇరవై వారాల్లో మీరు పాఠం చెబుతుంటే గంట కొట్టిన దగ్గర్నుంచి మళ్లీ గంట కొట్టేదాకా వెనక బెంచీలో కూర్చుని విన్నవాళ్లు ఎవరు? పిల్లల్ని లెక్కెయ్యకండి. మీకు చదువు చెప్పే లెక్చరరుగారు ఎన్నిసార్లు వచ్చారు?

మా రోజుల్లో దీనికి ఇంటర్న్‌షిప్ అనే పెద్ద పేరు లేదు. టీచింగ్ ప్రాక్టీస్, అంతే. కోర్సు ఏడాదే. అప్పటికి శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఎక్కడిది, అది 2008లో కదా వచ్చింది. ఇచ్ఛాపురం నుంచి వచ్చినవాడికైనా విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టాయే దిక్కు. నలభై పాఠాలు చెప్పాలి, రెండు మెథడ్లకీ చెరి ఇరవై. నావి సోషలూ తెలుగూ. ప్రతి పాఠానికీ ముందురోజే లెసన్ ప్లాన్ రాసి, మెథడ్ మేష్టారి సంతకం పెట్టించుకుంటే గానీ తరగతిలో కాలు పెట్టనిచ్చేవారు కాదు. ఉపోద్ఘాతం ఎక్కడ మొదలవుతుంది, ఏ ప్రశ్న వేస్తావు, దానికి పిల్లలు ఏమంటారు, బోర్డు మీద ఏం రాస్తావు, అన్నీ గళ్లు గీసి రాయాలి. "పిల్లలు ఏమంటారో నాకెలా తెలుస్తుందండీ" అని ఒకడు అడిగితే, "తెలీకపోతే తరగతికి ఎందుకెళ్తున్నావు?" అన్నారు మా మేష్టారు.

చార్టుల సంగతి చెప్పాలంటే ఒక రాత్రి చాలదు. గదిలో నలుగురం నేలమీద పడుకుని మైదా ఉడకబెట్టిన జిగురుతో బొమ్మలు అంటించేవాళ్లం. వంశధార, నాగావళి ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తాయో నీలం సిరాతో గీసేవాళ్లం. తెల్లారి రోలప్ బోర్డు చంకలో పెట్టుకుని గంటస్తంభం మీదుగా నడిచి వెళ్తుంటే విజయనగరంలో టీకొట్టువాడికి కూడా తెలిసేది, బి.ఎడ్. గుంటలు బయల్దేరారని. ఇప్పుడేమో చార్టు కొనుక్కోవచ్చు. రికార్డులు కూడా డబ్బిస్తే రాసిపెట్టేవాళ్లు ఉన్నారట. చెయ్యి నొప్పెట్టేదాకా గీసినవాడికి ఆ నది ఒంపు ఈ వయసులోనూ వేళ్లకి తెలుసు. అచ్చు చార్టు మేకుకి తగిలించినవాడికి ఏం తెలుస్తుంది?

అసలు సంగతి వెనక బెంచీ. అక్కడ సూపర్‌వైజరుగారు, ఆయన పక్కన అబ్జర్వేషన్ రికార్డులు పట్టుకుని మేం ముగ్గురు నలుగురం. బొబ్బిలి వైపునుంచి వచ్చిన మిత్రుడొకడు విజయనగరం పిల్లలకి బొబ్బిలి యుద్ధం చెప్పాల్సి వచ్చింది. 1757 జనవరి, ఫ్రెంచి దొర బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు, అన్నీ ప్లాను ప్రకారం చక్కగా నడుస్తున్నాయి. మూడో వరసలో ఒక గుంటడు లేచి, "మరైతే మన రాజుది తప్పాండి మేస్టారూ?" అన్నాడు. లెసన్ ప్లానులో ఆ ప్రశ్నకి గడి లేదు. మావాడు నవ్వేసి, "కూర్చో" అని, బోర్డు మీద సింహావలోకనం రాసేశాడు.

మాకందరికీ పాఠం బ్రహ్మాండంగా జరిగిందనిపించింది. సూపర్‌వైజరుగారు మాత్రం రికార్డులో ఎర్రసిరాతో మూడు వాక్యాలు రాశారు. ఈ రోజు తరగతిలో నిజమైన ప్రశ్న ఒక్కటే పుట్టింది, దాన్ని నువ్వు కూర్చోబెట్టావు, రేపు ఇదే తరగతికి వచ్చి జవాబు చెప్పు అని. ఆ రాత్రి మా గదిలో నిద్ర లేదు, వాదనే. మర్నాడు వాడు ఇద్దరు జమీందార్ల పాత పగ ఏమిటో, కప్పం వసూలుకి వచ్చిన ఫ్రెంచివాడికి ఆ పగ ఎలా అక్కరకొచ్చిందో విప్పి చెప్పి, "ఇప్పుడు మీరే చెప్పండి, ఎవరిది తప్పు?" అని పిల్లలకే వదిలాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. వాడు మేష్టారయింది ఆ రోజే, డిగ్రీ తర్వాతెప్పుడో వచ్చింది.

వెనక కూర్చుని వినేవాడికి ఎంత బలముందో మన ప్రాంతానికి నేనా చెప్పేది? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యేట్స్ దొర బడుల ఇన్‌స్పెక్టరుగా ఇటొచ్చాడు. బళ్లో చెప్పే తెలుగొకటి, జనం మాట్లాడే తెలుగొకటి, ఎందుకిలా అని అడిగాడు. ఆ ప్రశ్న విజయనగరంలో గురజాడ అప్పారావుగారినీ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారినీ కదిపింది. వ్యావహారిక భాషోద్యమం అలా అంటుకుంది. గిడుగువారు మన ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారే. సవర గిరిజనుల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకుని, వాచకాలు రాసి, వ్యాకరణం కట్టి, నిఘంటువు చేశారు. ఏ కోర్సూ ఆయన్ని అడగలేదు. ఈనాడు సీతంపేట కొండల్లో ఇంటర్న్‌షిప్ పడితే "అయ్యో, అక్కడికా" అని మొహం వేలాడేస్తారే, పది సవర మాటలు నేర్చుకుని వెళ్లాలని మీకెవరైనా చెప్పారా?

సరే, ఎక్కడికో వెళ్లిపోయాను. రూలు మాటకొస్తే, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అదే ఎన్.సి.టి.ఇ., 2014లో చేసిన నిబంధనలు చదివాను. కోర్సు రెండేళ్లు, మొదటి ఏడు నాలుగు వారాలు, రెండో ఏడు పదహారు వారాలు బళ్లో ఉండాలి, ఇంటర్న్‌షిప్‌కి తొంభై శాతం హాజరు. కాగితం మీద మా నలభై పాఠాల కన్నా ఇది మేలే, కాదనను. మేం పాఠం చెప్పి వెళ్లిపోయేవాళ్లం. పరీక్ష పేపర్లు దిద్దడం, తల్లిదండ్రులతో మాట్లాడటం, బడి ఏడాది పొడుగునా ఎలా నడుస్తుందో చూడటం మాకు దక్కలేదు. మా తర్వాత అసలు మేష్టారు వచ్చి ఆ పాఠమే మళ్లీ చెప్పుకునేవారు, పాపం. అవన్నీ మీకు దొరికాయి. కానీ ఏం లాభం? కొన్ని కాలేజీల్లో పక్క రాష్ట్రాలనుంచి చేరినవాళ్లు పరీక్షలకే రైలు దిగుతారు. వాళ్ల ఇరవై వారాలూ ఒక రబ్బరు స్టాంపులో ఇమిడిపోతాయి. నిజంగా బడికెళ్లే పిల్లలనేమో సెలవు పెట్టిన టీచరు క్లాసులోకి తోసి తలుపు మూస్తారు. మధ్యాహ్నం ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే పర్యవేక్షణ అయిపోయింది.

ఆ పైన ఈ కొలతల గోల ఒకటి. నిన్నటిదాకా ఏడాది, తర్వాత రెండేళ్లు, 2023 నుంచి డిగ్రీతో కలిపి నాలుగేళ్ల కోర్సు. అదేదో కొత్త అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ మైసూరులో 1963లో పెట్టిన ప్రాంతీయ విద్యా కళాశాలలో నాలుగేళ్ల కోర్సు ఉండేది. 2025 ముసాయిదాలో, నాలుగేళ్ల డిగ్రీ గానీ పీజీ గానీ చేసినవాళ్లకి మళ్లీ ఏడాది బి.ఎడ్. అన్నారు. బట్టల కొట్లో గజం బద్ద పట్టుకున్నట్టు పొడుగే కొలుస్తారేం! వారానికి కనీసం రెండు పాఠాలు లెక్చరరు ఆసాంతం కూర్చుని వినాలి, తన చేత్తో వ్యాఖ్య రాయాలి, ఆ వ్యాఖ్యకి మర్నాటి పాఠంలో జవాబుండాలి. ఈ ఒక్క షరతు పెట్టి, అది పాటించని కాలేజీకి సీట్లు తగ్గిస్తే చాలు, ఏడాదైనా నాకు సమ్మతమే.

అందాకా మీరు ఊరుకోకండి. మీ లెక్చరరుగార్ని మొహమాటపడకుండా పిలవండి. రాకపోతే తోటివాళ్లని కూర్చోబెట్టి తప్పులు రాయించుకోండి, మెచ్చుకోళ్లు వద్దు. వాళ్లూ లేకపోతే మీ ఊళ్లో రిటైరైన మేష్టారు ఎవరో ఒకరు అరుగు మీద పేపరు చదువుకుంటూ ఉంటారు, పిలిస్తే చొక్కా తొడుక్కుని వచ్చేస్తారు. శ్రీకాకుళం చుట్టుపక్కలైతే నేనే వస్తాను. బస్సు ఛార్జీ కూడా అక్కర్లేదు. లెసన్ ప్లాన్ మాత్రం ముందురోజే చూపించాలి.