జేబులో పట్టే లెన్సు, జేబుకు పట్టని ధర

ఫిల్మ్ రేంజ్‌ఫైండర్ కెమెరా కొన్న పెద్దమనిషి మొదటి ఏడాదంతా ఫొటోలు తీయడు. లెన్సు ఎంచుకుంటాడు.

ఆ లెన్సు చిన్నదై ఉండాలి. కోటు జేబులో పట్టాలి, మెడకు బరువు కాకూడదు, వీధిలో ఎవరి కంటా పడకూడదు. అలాగని చీకటి పడితే చేతులెత్తేయకూడదు. అంచుల దాకా పదును ఉండాలి, మరీ ఎక్కువైతే మాత్రం ‘ఆత్మ లేదు’ అని పెదవి విరుస్తాడు. చూడ్డానికి పాతకాలం దానిలా ఉండాలి, పనిచేయడానికి నిన్న తయారైనదానిలా ఉండాలి. ఇన్ని సుగుణాలున్న అల్లుడైనా దొరుకుతాడేమో గానీ లెన్సు దొరకదు. దొరకదు కాబట్టి వెతుకులాట ఆగదు. వెతుకులాట ఆగదు కాబట్టి ఫొటోలు తీయాల్సిన అవసరం రాదు. ఎవరికీ నష్టం లేదు.

చిన్న లెన్సు కావాలనడంలో తప్పేమీ లేదు. ఆ మాట ముందే ఒప్పుకోవాలి. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్సు గుండా కాదు, పైన ఓ మూలనున్న వేరే కిటికీ గుండా. లెన్సు లావైతే ఆ కిటికీలో కుడివైపు కింది మూలన దాని బుర్ర అడ్డొస్తుంది. లైకా నాక్టిలక్స్ ఎఫ్ 0.95 లెన్సు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది) బరువు 700 గ్రాములు. దాన్ని మోసే ఎం6 కెమెరా ఆరు వందల గ్రాములు కూడా తూగదు. అలాంటి దాన్ని తగిలించాక ఎవరు ఎవర్ని మోస్తున్నట్టో చెప్పడం కష్టం. కాబట్టి చిన్నదే కొనండి. నా పేచీ చిన్న లెన్సుతో కాదు, దాని చుట్టూ అల్లిన పురాణంతో.

నిజానికి ఈ చిన్న లెన్సు చిక్కును వందేళ్ళ కిందటే విప్పేశారు. జర్మనీలోని వెట్జ్‌లార్ ఊళ్ళో ఎర్నెస్ట్ లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బర్నాక్ ఉబ్బసం మనిషి. ప్లేటు కెమెరాలు మోయలేక, సినిమా ఫిల్ము వాడే చిన్న కెమెరాకు 1914లో నమూనా కట్టాడు. 1925లో లైప్‌జిగ్ సంతలో అది లైకాగా జనం ముందుకు వచ్చింది. దానికి మాక్స్ బెరెక్ 50 మి.మీ., ఎఫ్ 3.5 లెన్సును లెక్కగట్టి ఇచ్చాడు. పని కాగానే అది ముడుచుకుని కెమెరా పొట్టలోకి వెళ్ళిపోతుంది. కెమెరా జేబులోకి వెళ్ళిపోతుంది. కథ అక్కడితో అయిపోవాలి. కానీ అయిపోతే అమ్మేవాడు బతికేదెలా, కొనేవాడికి పొద్దుపోయేదెలా?

అందుకని లోపాలకు పట్టాభిషేకం మొదలైంది. 1961లో లైకా 35 మి.మీ. ఎఫ్ 1.4 సమ్మిలక్స్ తెచ్చింది. పూర్తిగా తెరిచి తీస్తే దీపాల చుట్టూ మసక వెలుగు కమ్ముకుంటుంది. అంచు నుంచి వచ్చే కిరణాలూ నడిమి నుంచి వచ్చే కిరణాలూ ఒక్కచోట కలవకపోవడమే అందుకు కారణం. ఇంజనీర్లు తలలు బద్దలు కొట్టుకుని, గోళాకారం కాని ఆస్ఫెరికల్ గాజు చేర్చి, 1990ల నాటికి ఆ మసకను తుడిచేశారు. 2022లో అదే కంపెనీ అదే మసక లెన్సును మళ్ళీ తయారుచేసి, ఆ మసకే ఘనతగా చాటి అమ్మకానికి పెట్టింది. అంతకు ముందు 2017లో, 1935 నాటి 90 మి.మీ. థాంబార్‌ను తిరిగి తెచ్చింది. దాని పనే మసగ్గా తీయడం. దోషాన్ని తీసేసినందుకు ఒకసారి, తెచ్చి పెట్టినందుకు మరోసారి డబ్బిచ్చుకునే రసికులు ఉన్నంతకాలం వెట్జ్‌లార్‌లో పొయ్యి ఆరదు. ఇదే ఫలితం కోసం పాతకాలం స్టూడియోవాళ్ళు ఫిల్టర్ మీద కాస్త వాసెలైన్ రాసేవారు. అందులో ఆత్మ ఉందో లేదో ఎవరూ అడగలేదు.

2016లో మళ్ళీ పుట్టిన 28 మి.మీ. సమ్మరాన్‌ది ఇంకా ముచ్చటైన కథ. 1955 నాటి లెన్సుకు పునర్జన్మ అది. మందం 18 మి.మీ., ధర రెండు వేల డాలర్లకు పైన. ఎఫ్ 5.6 కంటే ఒక్క మెట్టు కూడా తెరుచుకోదు. అంటే సాయంత్రం ఐదున్నరకు దానికి డ్యూటీ దిగిపోయినట్టే. కానీ పలచగా ఉంది చూశారా, అదీ గొప్ప.

పేరు మహిమ కూడా చూడండి. ఫోక్ట్‌లెండర్ 1756లో వియన్నాలో మొదలైన పేరు. ఇప్పుడు ఆ పేరుతో లెన్సులు చేసేది జపాన్‌లోని కొసినా కంపెనీ. అది చేసిన కలర్-స్కోపార్ 35 మి.మీ. ఎఫ్ 2.5 బరువు 134 గ్రాములు, మందం 23 మి.మీ. చిన్నది, పదునైనది, లైకా ధరతో పోలిస్తే చవక. కాబట్టి మన రసికుడు దాన్ని చూసి నిట్టూరుస్తాడు: ‘బాగుంది, కానీ ఏదో తక్కువైంది.’ తక్కువైంది ధరే. పోనీ అదే కంపెనీ 40 మి.మీ. నాక్టన్ కొంటాడనుకుందాం. ఎం6 కిటికీలో, ఫొటోలో ఎంత మేర పడుతుందో చూపే గీతలు 40కి లేవు, 50 గీతలు వస్తాయి. అప్పుడు కొందరు ఆకురాయి తీసి కొత్త లెన్సు వెనక లోహాన్ని అరగదీసి 35 గీతలు రప్పిస్తారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నది వీళ్ళని చూసే అయ్యుండాలి.

చివరికి లెన్సు వస్తుంది. పెద్ద లెన్సు మీద నూట ఇరవై గ్రాములు ఆదా అయిందని తక్కెడ సాక్షిగా లెక్క తేలుతుంది. వెంటనే దానికి ఇత్తడి హుడ్డు, హుడ్డుకు మూత, గాజు గీసుకుపోకుండా ఫిల్టరు, కెమెరాకు సగం తోలు తొడుగు, బొటనవేలికి ఆనుపు, పట్టుకు అదనపు పిడి, జపాన్ పట్టుతాడు పట్టీ వచ్చి చేరతాయి. ఆదా అయిన నూట ఇరవై గ్రాములు రెండింతలై తిరిగొస్తాయి. వీధిలో ఎవరి కంటా పడకూడదన్నాడు కదా, అందుకని షట్టర్ బొత్తాం మీద మెరిసే ఎర్ర బొడిపె ఒకటి బిగిస్తాడు.

ఇక మన ఎండ సంగతి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్లో ఐఎస్ఓ 400 ఫిల్ముతో నిలబడండి. ఎఫ్ 16 దగ్గర సెకనులో 400వ వంతు చాలు. ఎం6 షట్టర్ వెయ్యో వంతును మించి పరుగెత్తలేదు. అంటే ఎఫ్ 11 దాకా తెరవొచ్చు, ఆపైన ఫిల్ము మాడిపోతుంది. ఎఫ్ 1.4 దగ్గర తీయాలంటే సెకనులో యాభై వేలవ వంతు కావాలి. అంత వేగం ఆ కెమెరాకు లేదు కాబట్టి రసికుడు నల్ల ఫిల్టరు కొంటాడు. ఎక్కువ వెలుగు లోపలికి రావడానికి డబ్బిచ్చి, వచ్చిన వెలుగును ఆపడానికి మళ్ళీ డబ్బిస్తాడు. ఎఫ్ 11 దగ్గర పాత లెన్సు, కొత్త లెన్సు, ఆత్మ ఉన్నది, లేనిది అన్నీ ఒక్కలాగే తీస్తాయి.

పోనీ తేడా ఉందనే అనుకుందాం. ఆ తేడా ఫిల్ము గ్రెయిన్ దాటి, ల్యాబువాడి స్కానర్ దాటి, 1080 పిక్సెళ్ళ ఇన్‌స్టాగ్రామ్ బొమ్మై ఫోన్ తెర మీదికి చేరాలి. అంత ప్రయాణం చేసి బతికి బట్టకట్టిన లెన్సు ఆత్మను చూసినవాళ్ళు ఉంటే చెప్పండి. దాదాపు జీవితమంతా 50 మి.మీ. లెన్సుతోనే గడిపిన ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్తియే-బ్రెసాఁ 1948 జనవరిలో ఢిల్లీలో గాంధీని చివరిసారి ఫొటో తీశాడు, ఆ వెంటనే అంత్యక్రియలనూ తీశాడు. ఆ ఫొటోల ముందు నిలబడి, వెనక మసక ఎంత నునుపుగా ఉందని అడిగేవాడికి దండం పెట్టి పక్కకు తప్పుకోవాలి.

న్యాయం కోసం ఒక మాట. రాత్రి ముహూర్తానికి పెళ్ళి పందిరో, దీపం వెలుగులో అమ్మమ్మ ముఖమో తీయాలంటే పెద్ద అపర్చర్ నిజంగానే ఉపయోగం. ఎఫ్ 2.5 దగ్గర సెకనులో 15వ వంతుకు చేయి వణికే చోట, ఎఫ్ 1.4 దాదాపు 50వ వంతు ఇస్తుంది. మీరు తీసేవి అలాంటివైతే కాస్త లావు లెన్సు కొనండి, సిగ్గుపడకండి. పగటిపూట వీధులు తీసేవారికి మాత్రం 35 మి.మీ., ఎఫ్ 2.5 లేదా 2.8, ఏ కంపెనీదైనా సరే, గాజులో బూజు లేకుండా ఉంటే చాలు. ఎఫ్ 8 పెట్టి, ఫోకస్ ఐదు మీటర్ల దగ్గర ఉంచితే రెండున్నర మీటర్ల నుంచి దిగంతం దాకా స్పష్టంగా వస్తుంది. ఫోకస్ వెతుక్కునే పనే ఉండదు, మనిషిని చూడటమే పని.

మిగిలిన డబ్బుతో ఫిల్ము కొనండి. ఇటుక గోడల్ని ఫొటో తీసి అంచుల పదును కొలవడం మానేయండి. ఒక రోలులో 36 ఫ్రేములు. ముందు అవి పూర్తి చేసి రండి, రెండో లెన్సు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.