ఎవరి పరువు?

నాచారం పారిశ్రామికవాడలో లేత్ షాపు నడుపుకునే ఓ పెద్దాయనకు ఉప్పల్‌లోని ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ 8 లక్షలు బాకీ పడింది. పంపు షాఫ్టులు, బుష్‌లు తిప్పి ఇచ్చిన జాబ్ వర్క్ డబ్బు అది. బిల్లులున్నాయి. సరుకు ముట్టినట్టు కంపెనీ ముద్ర వేసిన చలాన్లున్నాయి. కోర్టుకెక్కాడు, గెలిచాడు. అసలు, వడ్డీ, ఖర్చులతో సహా కంపెనీ చెల్లించాలని డిక్రీ వచ్చింది.

డిక్రీ అమలుకు పిటిషన్ (ఈపీ) వేసి, కోర్టు అమీనును వెంటబెట్టుకుని వెళ్తే అక్కడ జప్తు చేయడానికి ఏమీ లేదు. షెడ్డు అద్దెది. యంత్రాలు బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. కంపెనీ ఖాతా ఖాళీ. డైరెక్టర్ మాత్రం కారు దిగి వచ్చి, మర్యాదగా కుర్చీలు వేయించి టీ తెప్పించాడు.

"డిక్రీ కంపెనీ మీద కదా పెద్దాయనా! కంపెనీ వేరు, నేను వేరు" అన్నాడు.

పెద్దాయన ఆ మాట మోసుకుని కొత్త వకీలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఆయన చెప్పింది నిజమే అంకుల్. 1896లో ఇంగ్లండులో వచ్చిన సాలమన్ కేసు తీర్పు నుంచీ కంపెనీని వేరే వ్యక్తిగానే చూస్తున్నారు. మోసం రుజువైతేనో, సొంత పూచీ రాసిచ్చి ఉంటేనో తప్ప, కంపెనీ బాకీకి డైరెక్టర్ ఇల్లు జప్తు కాదు. అదే భాగస్వామ్య సంస్థ అయితే భాగస్థుల సొంత ఆస్తి దాకా పోవచ్చు."

"మరి బ్యాంకోళ్లు లక్షలకు లక్షలు ఎట్ల ఇచ్చిండ్రు బిడ్డా?"

"డైరెక్టర్ల సొంత పూచీ తీసుకునే ఇస్తారు అంకుల్."

ఆమె ఫైలు తిరగేస్తూ ఆగింది. "ఆయన మీకెప్పుడైనా చెక్కు ఇచ్చాడా?"

"ఇచ్చిండు."

వకీలమ్మ ముఖం వెలిగింది. "చెక్కు బౌన్స్ అయితే లెక్క మారుతుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138, 141 సెక్షన్ల కింద కంపెనీతో పాటు సంతకం పెట్టిన డైరెక్టర్ కూడా ముద్దాయే. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. మన శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ సంస్థకు కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ ఇచ్చిన 50 లక్షల చెక్కులు రెండు చెల్లకపోతే, 2016 ఏప్రిల్‌లో ఎర్రమంజిల్ కోర్టు కంపెనీతో పాటు దాని అధినేత విజయ్ మాల్యాను కూడా దోషిగా తేల్చింది. మీ చెక్కు ఎప్పుడు బౌన్స్ అయింది?"

పెద్దాయన సంచిలోంచి బిల్లు పుస్తకం తీశాడు. అందులో ప్లాస్టిక్ కవరు, కవర్లో నలగని చెక్కు. 8 లక్షలకు డైరెక్టర్ చేసిన సంతకం స్పష్టంగా ఉంది. బ్యాంకు ముద్ర ఎక్కడా లేదు. తేదీ నాలుగేళ్ల కిందటిది. చెక్కు చెల్లుబాటు మూడు నెలలే.

"బ్యాంకులో ఎందుకు వేయలేదు అంకుల్?"

"ఖాతాల పైసల్లేవు, వాపసొస్తే నా పరువు పోతదన్నడు. పెద్దమనిషి పరువు మనమెందుకు తియ్యాలని ఆపిన బిడ్డా."

ఆ వారమే ఓ బ్యాంకు పెద్దాయన ఇంటి గోడకు వీధి వీధంతా చూస్తుండగా జప్తు నోటీసు అంటించింది. లేత్ మిషన్ కోసం తెచ్చిన అప్పు అది. ఆయనది లిమిటెడ్ కంపెనీ కాదు, సొంత షాపు. షాపు బాకీ అంటే ఆయన బాకీయే.

చిన్న షెడ్లు నడుపుకునే అన్నదమ్ములారా, చెక్కు చేతికొస్తే మూడు నెలల్లోపు బ్యాంకులో వేయండి. వాపసొస్తే 30 రోజుల్లో నోటీసు పంపండి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆపై నెల దాటకుండా కోర్టులో ఫిర్యాదు చేయండి. ఎదుటివాడి పరువు గురించి వాడినే ఆలోచించుకోనివ్వండి.