గేటు దగ్గర రైలు నిలిపి ఫైను తప్పించుకోవడం ఎలా?

అమెరికాలో గూడ్సు బండ్ల కంపెనీ నడుపుతున్న దొరలారా! ఊళ్ల మధ్య రోడ్డుకు అడ్డంగా గంటల తరబడి బండి నిలిపినా పైసా కట్టకుండా బయటపడే చిట్కాలివి.

1. బండిని పొడుగ్గా కట్టండి. రెండు మైళ్లు దాటితే మరీ మేలు. సిబ్బంది ఇద్దరే చాలు, గేట్లు మాత్రం మూడు నాలుగు ఒకేసారి మూతపడతాయి. అంబులెన్సు అటుపక్క, ఆసుపత్రి ఇటుపక్క ఉన్నాయంటే ఆ తప్పు ఊరు కట్టినవాళ్లది.

2. ఫైను రాస్తే కట్టకండి. బండి ఎంతసేపు ఆగిందన్న మాటే ఎత్తొద్దు, అందులో ఓడిపోతారు. "రాయడానికి నువ్వెవరు?" అని అడగండి. పది నిమిషాలు దాటకూడదన్న చట్టం కింద ఇండియానాలో నార్‌ఫక్ సదరన్ అనే రైలు కంపెనీ మీద 23 కేసులు రాశారు. రైళ్ల వ్యవహారం కేంద్రానిదేనన్న 1995 నాటి చట్టం ముందు అది చెల్లదని 2018లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే తేల్చేసింది. ఒహాయోది ఐదు నిమిషాల చట్టం. అదీ 2022లో సీఎస్ఎక్స్ అనే మరో కంపెనీ కేసులో కొట్టుకుపోయింది. ఒహాయో వాషింగ్టన్ దాకా వెళ్తే, 2024 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

3. కేంద్రానికీ జంకకండి. గేటు దగ్గర బండి ఇన్ని నిమిషాలే ఆగాలనే కేంద్ర చట్టం లేనే లేదు. ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ 2019 డిసెంబరులో ఫిర్యాదులకు వెబ్‌సైటు పెట్టింది. జనాన్ని తనివితీరా రాసుకోనివ్వండి. వాళ్లకు మనసు తేలికవుతుంది, మీ జేబు తేలిక కాదు.

4. పిల్లల గొడవొస్తే కంగారుపడకండి. ఇండియానాలోని హామండ్‌లో బడిపిల్లలు ఆగిన పెట్టెల కిందనుంచి దూరి వెళ్తున్న సంగతి 2023లో ఫోటోలతో సహా బయటికొచ్చింది. అలాంటప్పుడు పట్టాలు దాటడం ప్రమాదమని బళ్లో పాఠం చెప్పించండి. బండి కదపడం కన్నా పాఠం చవక.

5. వంతెన అడిగితే సరే అనండి, ఖర్చు అడిగితే సర్కారును చూపండి. ఇలాంటి గేట్లు తీసేసే పనులకు 2021 చట్టం ఐదేళ్లకు 300 కోట్ల డాలర్లు కేటాయించింది. బండి మీది, అడ్డం మీది, బిల్లు పన్ను కట్టేవాళ్లది.

6. ఒక్క గండం ఉంది. ఇన్ని నిమిషాలు దాటితే ఇంత ఫైను అని అమెరికా కాంగ్రెస్ చట్టంలో ఒక్క ముక్క రాసిందంటే రెండో చిట్కా, మూడో చిట్కా ఆ రోజే చెల్లిపోతాయి. గేటు దగ్గర ఇంజను ఆపుకుని కూర్చున్నవాళ్లలో ఓటున్నవాళ్లే ఎక్కువ. ఈ ఆరోది మాత్రం వాళ్ల కంటపడనివ్వకండి.