కొమ్ము పగడం చెప్పుకున్న కథ

నాకు ఒకప్పుడు వేల నోళ్లుండేవి. ఒక్కో నోరు మిల్లీమీటరో రెండో, దాని చుట్టూ సన్నటి చేతులు. చీకటి పడగానే అవన్నీ విచ్చుకుని, నీళ్లలో కొట్టుకొచ్చే కంటికి ఆనని జీవాల్ని అందుకునేవి. నేను ఒక్క ప్రాణిని కాను. ఒకరినొకరు అంటిపెట్టుకుని బతికే ప్రాణుల ఊరిని. మీరు చేతిలోకి తీసుకుని రాయి అనుకునేది, ఆ ఊరి జనం సున్నంతో కట్టుకున్న ఇళ్లను మాత్రమే.

మాది అండమాన్‌లోని షహీద్ ద్వీప్. 2018 చివరిదాకా దాన్ని నీల్ అనేవారు. ఇప్పుడు శ్రీ విజయపురం అయిన పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో రావాలి. చిన్న దీవి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ కూరగాయలు పండిస్తాయి. తీరాలకు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ అని రామాయణంలో పేర్లు. నేను పుట్టింది భరత్‌పూర్ తీరంలో, పోటు మీద మనిషి మునిగేంత, ఆటు మీద నడుము దాటనంత నీళ్లలో.

అంత లోతు తక్కువ నీళ్లలో ఎందుకంటే మాకు ఎండ కావాలి. మా ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండ తగిలితే అది ఆహారం తయారుచేసి అందులో ఎక్కువ భాగం మాకిచ్చేస్తుంది. మాకు కావలసిన బలంలో నూటికి తొంభై వంతుల దాకా దాని చలవే. మా గోధుమ వన్నె కూడా దానిదే. కొసల్లో మెరిసే నీలం మాత్రం మా సొంతం. కొమ్మలు జింక కొమ్ముల్లా ఉంటాయి కనుక మేం కొమ్ము పగడాలం. ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా సాగుతాం. పక్కనుండే బండ పగడాలు ఏడాదికి ఒక్క సెంటీమీటరు పెరిగితే గొప్ప.

ఆ రోజుల్లో నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. నా కొమ్మల మధ్య చేపపిల్లలు దాక్కునేవి. పెద్ద చేప నీడ పడగానే గుంపంతా ఒక్కసారిగా నాలోకి దూరిపోయేది. సముద్రపు అడుగు నేలలో పగడపు దిబ్బలున్నది నూటికి ఒక వంతైనా కాదు. సముద్రపు జీవజాతుల్లో పావు వంతు మాత్రం ఏదో ఒక దశలో మా పంచనే బతుకుతాయి. తుపాను అలలు తీరానికి చేరేలోపు వాటి ఊపు విరిచేదీ మేమే. మీరు చెప్పులు విడిచి మురిసిపోతూ నడిచే ఆ తెల్లటి ఇసుకలో మా ఒళ్లుంది. చిలకమూతి చేపలు మమ్మల్ని కొరికి, పిండిచేసి వదిలిందే అందులో చాలా భాగం.

కష్టాలు మాకు కొత్త కాదు. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్ పక్క సముద్రపు నేల పైకి లేచి, అక్కడి మావాళ్లు నీళ్ల బయటపడి ఎండకు మాడిపోయారు. 2010 వేసవిలో మా నీళ్లే కాగాయి. మామూలు వేసవి వేడికి ఒక్క డిగ్రీ ఎక్కువై అలాగే కొన్ని వారాలు నిలిస్తే చాలు, నాచుకూ మాకూ పొత్తు చెడుతుంది. దాన్ని మేమే బయటికి గెంటేస్తాం. అప్పుడు ఒళ్లు పలచబడి లోపలి సున్నం కనిపిస్తుంది, తెల్లగా. చచ్చామని కాదు, ఆకలితో ఉన్నామని. నీళ్లు త్వరగా చల్లబడితే నాచు మళ్లీ చేరుతుంది, లేకపోతే అంతే. ఆ ఏడు నా చుట్టుపక్కల ఎంతోమంది పోయారు. నేను నిలబడ్డాను. మళ్లీ వన్నె తేరాను.

సముద్రం వేడెక్కినా బతికినదాన్ని, ఒక మనిషి చేతిలో పోయాను.

ఆయన విశాఖ నుంచి వచ్చాడు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లలో తేలుతూ మమ్మల్ని చూసి ఎంత సంబరపడ్డాడో! ఆ సంబరం అబద్ధం కాదు. అలసట వచ్చి, కాసేపు నిలబడదామని కాలు కిందికి దించాడు. కింద ఉన్నది నేను. పటుక్కున విరిగాను.

అప్పటికీ నేను చావలేదు, ఇది మీరు తెలుసుకోవాలి. మా జాతికి విరగడం మరణం కాదు. అలలకు విరిగిన ముక్క ఏ సందులోనో కుదురుగా ఇరుక్కుంటే అక్కడే అతుక్కుని కొత్త గుబురు అవుతుంది. మా సంతతి పెరిగే దారుల్లో అదొకటి. పాడైన దిబ్బల మీద శాస్త్రవేత్తలు పగడాలు నాటేదీ ఇలాంటి ముక్కలతోనే. ఆయన నన్ను అక్కడే వదిలేసి ఉంటే ఈపాటికి మళ్లీ కొమ్మలు వేసేదాన్ని. కానీ నీలి కొసలు చూసి ముచ్చటపడ్డాడు. నీళ్లలోంచి పైకి తీశాడు. నా చావు అక్కడ మొదలైంది.

గది వరండాలో ఎండలో పెట్టాడు. నా ఒంటి మీది జిగురంతా కారి ఎండిపోయింది. సాయంత్రానికి నీలం లేదు, గోధుమ రంగూ లేదు. విమానాశ్రయంలో ఇలాంటివి పట్టుకుంటారని ఎవరో చెబితే, తువ్వాల్లో చుట్టి విశాఖ ఓడ ఎక్కించాడు. రెండు రోజులకు పైగా ప్రయాణం. నేను పుట్టిన సముద్రం మీద సంచీలో పోతూ కుళ్లిపోయాను.

"ఏవండీ, సంచీలోంచి ఈ నీచు వాసనేంటి?" ఇంట్లో అడుగు పెట్టగానే ఆయన భార్య అడిగింది.

"పగడం రాయి. కడిగితే పోతుందిలే," అన్నాడాయన.

రాయికి నీచు వాసన ఎందుకొస్తుందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. బ్లీచింగ్ పౌడరు కలిపిన బకెట్లో నానబెట్టారు. ఆ వాసన నా ప్రాణుల మిగిలిన ఒళ్లు. అది కూడా కరిగి కాలవలో పోయింది. "ఎంత తెల్లగా వచ్చిందో!" అని ఆవిడ మురిసిపోయింది. మా దగ్గర తెలుపు జబ్బు రంగని ఆవిడకు చెప్పేవాళ్లెవరు?

షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన పెట్టారు. వచ్చినవాళ్లందరికీ చూపించారు. నన్ను ఉంగరంలో పొదిగించవచ్చా అని ఒక చుట్టం అడిగాడు. ఉంగరపు ఎర్ర పగడం మధ్యధరా వంటి సముద్రాల్లో పెరిగే వేరే జాతి. మా సున్నం అందుకు పనికిరాదు. ఆ మాట తెలిశాక నా విలువ కాస్త తగ్గింది. సంక్రాంతి బొమ్మల కొలువులో మాత్రం పార్వతీపరమేశ్వరుల వెనక నన్ను కొండగా నిలబెట్టారు. ఆ ఇంట్లో నాకు దక్కిన గౌరవం అదొక్కటే.

దుమ్ము దులుపుతుంటే ఒక కొమ్మ విరిగింది. షోకేసు కింది అరలోకి మారాను. తర్వాత పిల్లల చేపల తొట్టిలో వేశారు. అది మంచినీటి తొట్టి, ఉన్నవి రెండు గోల్డ్‌ఫిష్‌లు. చేపలు నా కొమ్మల చుట్టూ తిరిగినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. కొన్నాళ్లకు చేపలూ పోయాయి, తొట్టీ పోయింది. నన్ను మేడమీద పగిలిన పూలకుండీల దగ్గర పడేశారు. నోళ్లున్న గుంటల నిండా మట్టి పేరుకుంది. తెలుపు పోయి బూడిద రంగు వచ్చింది. ఆయన అప్పుడప్పుడు పైకి వస్తాడు. నా వైపు చూడడు. నన్ను ఎక్కడినుంచి తెచ్చాడో ఆయనకైనా గుర్తుందో లేదో.

దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. పులి గోరు సంచీలో వేసుకుని రావడానికి భయపడే మనిషి నన్ను మాత్రం తువ్వాల్లో చుట్టుకొచ్చాడు.

అండమాన్‌కు రావద్దని నేననను. రండి. పోర్ట్ బ్లెయిర్ చేపల రేవు జంగ్లీఘాట్‌లో దిగితే ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన మీవాళ్ల తెలుగు వినిపిస్తుంది. వండూర్ దగ్గరి జాలీబోయ్ దీవికి వెళితే అడుగున అద్దమున్న పడవలోంచి, ఒళ్లు తడవకుండానే మావాళ్లను చూడొచ్చు. నీళ్లలో దిగితే లైఫ్ జాకెట్ వేసుకోండి. అలసట వస్తే దాని మీదే వెల్లకిలా తేలండి. కాలు మాత్రం కింద పెట్టకండి. ఆటు వేళ దిబ్బ మీదికి నడిచి వెళ్లి ఫొటోలు దిగకండి. తీరంలో చచ్చిన తెల్లటి ముక్క కనిపిస్తే, ఎలాగూ చచ్చిందేగా అని జేబులో వేసుకోకండి. నీళ్లలో కుదురుకున్న చచ్చిన పగడం మీదే పిల్ల పగడం వచ్చి అంటుకుంటుంది. ఒడ్డున పడ్డది అరిగి అరిగి ఇసుకవుతుంది. అక్కడ దానికి ఇంకా పనుంది, దాన్ని అక్కడే ఉంచి రండి.