వెయ్యికి మూడంకెలు రాబట్టడం ఎలా?

ఒక సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో తెలుసుకోవాలంటే వాటిని లెక్కపెట్టడం అమాయకుల పని. చదువుకున్నవాళ్లకు సంవర్గమానం ఉంది: ఆధారం 10కి లాగ్ తీసి, దశాంశ బిందువు తర్వాతది కొట్టేసి, ఒకటి కలపాలి. 1000కి లాగ్ 3, ఒకటి కలిపితే నాలుగంకెలు. పైథాన్‌లో దీనికి మ్యాథ్ మాడ్యూల్‌లోని లాగ్ ఫంక్షన్‌నే పిలవండి. ఆధారం చెప్పకపోతే అది సహజ లాగ్ తీసి 6.9 చేతిలో పెడుతుంది, కాబట్టి రెండో విలువగా 10 మరవకుండా ఇవ్వండి. ఇప్పుడు జవాబు 2.9999999999999996. కంగారు పడకండి, ఇంట్ చేసేయండి. 2 మిగులుతుంది, ఒకటి కలిపితే మూడు. పని పూర్తయింది.

కారణం అడిగే చాదస్తులూ ఉంటారు. ఆ ఫంక్షన్ 1000 సహజ లాగ్‌ను 10 సహజ లాగ్‌తో భాగిస్తుంది. రెండూ అంతులేని దశాంశాలు, ఫ్లోట్‌లో ఉన్న చోటు 53 బిట్లే. కనుక రెండూ కుదించుకునే వస్తాయి, భాగహారంలో మరోసారి కోత పడుతుంది. పదహారో దశాంశ స్థానంలో తేడా వస్తే కొంపలు మునుగుతాయా అంటారు. భూకంప తీవ్రతో, శబ్ద తీవ్రతో లెక్కగట్టేవాళ్లకు నిజంగానే మునగవు. మనం మాత్రం వెంటనే ఇంట్ వేస్తాం, దానికి జాలి లేదు. వెంట్రుకవాసి తేడాను నిండు ఒకటిగా పెంచిన ఘనత మన సూత్రానిదే. పోనీ రౌండ్ చేద్దామంటారా? భేష్. 1000 బాగుపడుతుంది, 999 చెడుతుంది: దాని లాగ్ దాదాపు 2.9996, మూడుకు ఎక్కి నాలుగంకెల హోదా కొట్టేస్తుంది.

లాగ్10 అనే వేరే ఫంక్షన్ ఉంది కదా, మామూలుగా అదే ఎక్కువ కచ్చితమని పైథాన్ డాక్యుమెంటేషన్ కూడా చెబుతోంది కదా అనేవాళ్లు కాస్త గట్టి ప్రత్యర్థులు. 1000కి అది నికరంగా 3.0 ఇస్తుంది. వాళ్లకు పదిహేను తొమ్మిదుల సంఖ్య ఇవ్వండి. దాని అసలు లాగ్ 15 కంటే సుమారు 4.3×10⁻¹⁶ తక్కువ. 15కి కిందివైపు పక్క ఫ్లోట్ అంతకు నాలుగు రెట్ల దూరంలో ఉంది. అందుకే వచ్చేది 15.0, అంకెలు పదహారు! ఫంక్షన్ తప్పేమీ లేదు, ఫ్లోట్‌లో అంతకన్నా దగ్గరి జవాబే లేదు. పూర్ణసంఖ్యల సంగతిని ఫ్లోట్‌ను అడగడంలోనే మన నైపుణ్యమంతా ఉంది.

స్ట్రింగ్‌గా మార్చి పొడవు చూస్తే చాలదా? చాలు, అదే దాని లోపం. ఒక్క లైను, గణితం జాడే కనబడదు. అయితే 3.11 నుంచి పైథాన్ 4300 అంకెలు దాటిన సంఖ్యను మామూలుగా స్ట్రింగ్‌గా మార్చనివ్వదు. అక్కడ లాగ్‌కు నిజమైన పని ఉంది: అది ఇచ్చింది అంచనాగా తీసుకుని, ఆ దగ్గరి 10 ఘాతాలతో పూర్ణసంఖ్యలుగానే పోల్చి, అవసరమైతే ఒకటి అటో ఇటో దిద్దాలి. ఆ పద్ధతిని ఇక్కడ సిఫారసు చేయలేం, జవాబు సరిగ్గా వచ్చేస్తుంది.