కత్తెర పట్టని తోటమాలి

మా నందికొండలో కరువంటే ఎవరూ నమ్మరు. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు, 312 టీఎంసీలు. గేట్లు ఎత్తారంటే హైదరాబాద్ నుంచి కార్లు బారులు కడతాయి. నిజమే, మాకు నీళ్ల కరువు లేదు. ఉన్నదల్లా మట్టి కరువు. హిల్‌కాలనీలో గడ్డపార వేస్తే జానెడు లోతులోనే ఖంగుమంటుంది. ఆనకట్ట మోయడానికి పనికొచ్చిన నేల గులాబీ వేరుకు పనికిరాదు. అందుకే మా ఇంట్లో పగిలిన బకెట్లకు, పెయింటు డబ్బాలకు, మూత పోయిన కుక్కరుకు కుండీలుగా పదోన్నతి వచ్చింది.

వీధిలోకి కడియం మొక్కల బండి వచ్చిందంటే నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఉరుకుతాను. నా వెనకాలే మా ఆవిడ ఉరుకుతుంది, నా జేబు కాపాడటానికి. బండి మీద ప్రతి మొక్కకూ అరచేయంత పువ్వు ఉంటుంది. ఇంటికి రాగానే అది రాలిపోతుంది. రెండో పువ్వు ఎప్పుడొస్తుందో బండివాడు చెప్పడు, నేను అడగను.

అక్కడి నుంచి వంటింటి మీద నా దాడి మొదలవుతుంది. ఇంట్లో ఎవరూ చాయ్ పూర్తిగా తాగకముందే ఉడికిన పొడి కోసం గిన్నె లాక్కుంటాను. పెంకుల కోసం గుడ్లు, తొక్కల కోసం అరటిపండ్లు, పొట్టు కోసం ఉల్లిగడ్డలు తెస్తాను. బియ్యం కడిగిన నీళ్లు పారబోస్తే ఆ పూట మాట్లాడను.

"తినంగ మిగిలింది చెట్టుకేసేటోళ్లను చూసిన. చెట్టుకు మిగలాలని తినేటోళ్లను మిమ్ముల్నే చూస్తున్న" అంటుంది మా ఆవిడ.

ఎండాకాలం నా ప్రేమ మరీ ముదురుతుంది. పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు, పడుకునే ముందు ఇంకో చెంబు. వేర్లకు గాలి ఆడక ఆకులు పండుబారతాయి. పాపం దాహమనుకుని నాలుగో చెంబు పోస్తాను. ఆకుల కింద ఎర్రనల్లి కాపురం పెట్టినా, మొగ్గల్లో తామర పురుగు దూరినా నాకు కనబడదు. వేపనూనెలో సబ్బు కలిపి చల్లేది మా ఆవిడే. నేను పక్కన నిలబడి ఎక్కడెక్కడ చల్లాలో చెబుతుంటాను.

ఒకసారి ఒక మొక్క అడుగు నుంచి నిగనిగలాడే కొమ్మ లేచింది. నెల తిరగకుండా నా భుజం దాకా పెరిగింది. దానికి కర్ర కట్టి, వీధివీధంతా పిలిచి చూపించాను. పక్కింటి అవ్వ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "అది గులాబీ కాదు బిడ్డా, గులాబిని మోసేటి చెట్టు" అని తేల్చేసింది. అంటు కట్టిన చోటుకు కింద మొలిచిన కొమ్మ అది. పెళ్లికొచ్చి పెత్తనం చేసే చుట్టంలా మొక్క బలమంతా తినేస్తుంది. మొదట్లోనే తీసెయ్యాలి. తీశానా? లేదు. అంత పచ్చగా ఉన్నదాన్ని ఎలా కొయ్యను?

అసలు జబ్బు అదీ. నాకు కొయ్యడం రాదు. గోధుమ వంగడాలతో పేరుపడ్డ బి.పి.పాల్ గారు గులాబీలనూ సృష్టించి, వాటి మీద పుస్తకం కూడా రాశారు. ఆ పుస్తకం నా బీరువాలో ఉంది. కొమ్మలు ఎలా కత్తిరించాలో కాలనీలో ఎవరడిగినా గంటసేపు చెప్పగలను. కత్తెర మాత్రం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

మా ఆవిడ దేవుడి పటానికి పువ్వు తెంపబోతే అడ్డం పడతాను. చెట్టుకుంటేనే అందమని వాదిస్తాను. ఒకనాడు చరిత్రను సాక్ష్యానికి పిలిచాను. "1955 డిసెంబర్ 10న మన ప్రాజెక్టుకు పునాదిరాయి వేసింది ఎవరు? నెహ్రూ. గులాబీ అంటే ఆయనకెంత ప్రాణం!"

"ఆయన తెంపుకునే గదా గుండీకి పెట్టుకున్నది! మీలెక్క చెట్టు ముంగట చేతులు కట్టుకోని నిలబడ్డడా?" అంది.

దానికి నా పుస్తకంలో జవాబు దొరకలేదు.

మా పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఒక నాటు గులాబీ ఉంది. దానికి గుడ్డు పెంకులు లేవు, ముద్దుమురిపాలు లేవు. మా ఆవిడ తోచినప్పుడల్లా కాడతో సహా తెంపి జడలో పెట్టుకుంటుంది. అది మాత్రం విరగబూస్తుంది. వాడిన పువ్వును అలాగే వదిలేస్తే మొక్క కాయ కట్టే పనిలో పడుతుంది. తెంపితే కొత్త చిగురేసి మళ్లీ పూస్తుంది. ఆ ముక్క నా పుస్తకంలోనూ ఉంది, గీత కూడా గీసుకున్నాను. కోతులు సైతం వచ్చి మొగ్గలు తుంపి పోతాయి. ఆ ధైర్యమైనా నాకు లేదని మా ఇంట్లో అందరి అభిప్రాయం. నేను ఖండించడం మానేశాను.

కాబట్టి గులాబీ ప్రియులారా, వానలు వెనకబట్టి అక్టోబర్ రాగానే ఎండుపుల్లలు, బక్క కొమ్మలు తీసెయ్యండి. మిగిలినవాటిని బయటి వైపు చూసే కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కొయ్యండి. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. తర్వాత పెండ ఎరువు వేసి, మట్టి పైన ఆరాకే నీళ్లు పోయండి. కత్తెర పట్టగానే చెయ్యి వణికితే మొండికెయ్యకండి. ఇంట్లో జడలో పువ్వు పెట్టుకునేవాళ్లకు దాన్ని అప్పగించి, మీరు లోపలికెళ్లి చాయ్ పెట్టండి. పొడి మాత్రం అందరూ తాగాకే అడగండి.